పాయకాపురానికి పడవ మీద

ఆదివారం మధ్యాహ్నం నుంచి అక్క ఫోన్ స్విచాఫ్. ఛార్జింగ్ మిగుల్చుకోవడానికి మూడు గంటలకోసారి రెండు నిమిషాలు ఆన్ చేసి, మెట్ల లెక్క చెప్పి పెట్టేసేది. "మూడో మెట్టు మునిగిందిరా." తర్వాతి ఫోన్‌కి ఐదు. రాత్రి తొమ్మిదింటికి ఏడు. వాళ్ళది విజయవాడ పాయకాపురంలో మేడ మీద పోర్షన్. పదేళ్ళుగా ఎక్కి దిగుతున్నా ఆ ఇంటికి ఎన్ని మెట్లో నాకు తెలీదు. ఆ రాత్రే అడిగాను. పద్దెనిమిదట.

2024 సెప్టెంబర్ 2, సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి మియాపూర్‌లో కారు తీశాను. రైళ్ళు లేవు, కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. హైవే మీద వెళ్దామంటే నందిగామ దగ్గర ఐతవరంలో రోడ్డు మీద నీళ్ళు. ఇక నార్కట్‌పల్లిలో కుడికి తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, గుంటూరు మీదుగా చుట్టుదారే గతి. వాడపల్లి వంతెన మీద కృష్ణ కనిపించింది. బురద రంగులో, చప్పుడు లేకుండా పోతోంది. ఈ నీళ్ళు ముందు చేరతాయా, నేనా అని పిచ్చి లెక్కలు వేసుకుంటూ నడిపాను. గుంటూరులో ఆగి ఇరవై పాల పాకెట్లు, బ్రెడ్డు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, ఒక నీళ్ళ టిన్ను కొన్నాను.

కనకదుర్గ వారధి మీద జనం బళ్ళు ఆపి నదిని చూస్తున్నారు. ఆ రోజు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, 2009 నాటి రికార్డు చెరిగిపోయింది. పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయని పక్కన ఎవరో చెబుతున్నారు. అందరి చూపూ కృష్ణ మీదే. కానీ మా అక్కావాళ్ళని ముంచింది కృష్ణ కాదు, వెనక నుంచి వచ్చిన బుడమేరు.

మైలవరం వైపు కొండల్లో పుట్టే వాగు అది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, నీటిని డైవర్షన్ కాలువలోకి మళ్ళించి కృష్ణలో కలుపుతారు. మళ్ళించలేనిది పాత దారినే బెజవాడ అంచుల మీదుగా కొల్లేటికి పోతుంది. సింగ్‌నగర్, పాయకాపురం పెరిగింది ఆ పాత దారి పక్కనే. 2005లోనూ మునిగాయి. ఈసారి శనివారం వానకి వాగు పొంగి, కాలువ కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీళ్ళు వదులుదామంటే అవతల కృష్ణే నిండు మీద ఉంది. ఆదివారం వాన నెమ్మదించాక వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. అక్కడే మోసపోయారు జనం. "వాన తగ్గిందిగా అని బట్టలు నానబెట్టాన్రా" అంది అక్క తర్వాత.

ఒంటిగంటకల్లా సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీదున్నాను. ఫ్లైఓవర్ దిగే చోట రోడ్డు నీళ్ళలోకి పోయి మాయమైంది. అక్కణ్ణుంచి అక్క ఇంటికి మూడు కిలోమీటర్లు ఉండదు. ఒకతను పడవకి మనిషికి రెండు వేలన్నాడు. ఇద్దామనుకునేలోపే ఇంకెవరో మూడు వేలిచ్చి ఎక్కేశారు. నాలుగింటికి, అన్నం పొట్లాలు పంచడానికి వెళ్తున్న కుర్రాళ్ళు నన్నూ ఎక్కించుకున్నారు, పొట్లాలు అందించే పని మీద.

ముందు కూర్చున్న కుర్రాడు గడకర్రతో అడుగు తడుముతున్నాడు. టంగుమని చప్పుడైనప్పుడల్లా "కారు... ఆటో..." అని చెబుతున్నాడు. షాపుల బోర్డులు మా కళ్ళకి ఎదురుగా ఉన్నాయి. ఒక ఫ్రిజ్ వెల్లకిలా తేలుతోంది, దాని మీద పిల్లి. నీళ్ళ మీద పెట్రోలూ మురుగూ కలిసిన వాసన. మేడల మీద నుంచి ఆడవాళ్ళు తాళ్ళు కట్టిన బక్కెట్లు దించుతున్నారు. ఒక ముసలాయన అన్నం వద్దని, షుగర్ మాత్రలున్నాయా అని అడిగాడు. మా దగ్గర లేవు.

ఒకటి చెప్పుకోవాలి. పొట్లాలు సగం దారిలోనే అయిపోయాయి. ఆ తర్వాత కూడా బక్కెట్లు దిగుతూనే ఉన్నాయి. నా పాల సంచి కాళ్ళ మధ్య ఉంది, మీద టవల్ కప్పాను. గడకర్ర కుర్రాడు చూశాడు, ఏమీ అనలేదు. చంటిబిడ్డనెత్తుకున్న ఒకావిడ బక్కెట్ దించేసరికి ఇక కూర్చోలేకపోయాను. అక్క ఇల్లు చేరేసరికి సంచిలో నాలుగు పాకెట్లు మిగిలాయి.

తొమ్మిదో మెట్టు దగ్గర పడవ దిగాను. కింది పోర్షన్ వాళ్ళు కూడా పైకే చేరారు, మొత్తం పదకొండు మంది. అక్క నన్ను చూసి ఏడుస్తుందేమో అనుకున్నాను. "చెప్పులు బయట విప్పరా, ఆ నీళ్ళన్నీ ఇంట్లోకి తెస్తున్నావు" అంది. బావ వాళ్ళమ్మగారు మంచం దిగలేని మనిషి. అందుకని వాళ్ళు కదిలే మాటే లేదు. నాలుగు పాకెట్లూ ఒకే గిన్నెలో కాచి, గ్యాసు దండగని సిమ్‌లో పెట్టి, తలా అర గ్లాసు పోసింది అక్క. ఆ రాత్రి కొవ్వొత్తి పట్టుకుని బావ గంటకోసారి మెట్ల దగ్గరికి వెళ్ళొచ్చాడు. మర్నాడు మేనకోడలిని మాత్రం తీసుకుని వచ్చేశాను. పడవలో అది ఒక్క మాటా మాట్లాడలేదు, స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చవితి రోజున మూడో గండి పూడ్చారు. నేను 11న మళ్ళీ వెళ్ళాను. ఫైరింజన్ వీధి కడుగుతోంది. కింది పోర్షన్ గోడల మీద నా భుజం ఎత్తున చార. పరుపులు, సోఫాలు గుట్టలుగా వీధిలోనే పడి ఉన్నాయి. డాబా మీద తాడుకి క్లిప్పులు పెట్టి రేషన్ కార్డు, పాస్‌పుస్తకం, కింది వాళ్ళబ్బాయి టెన్త్ సర్టిఫికెట్ ఆరేశారు.

బావా నేనూ స్కూటర్‌ని తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. షెడ్డు ముందు నుంచి మలుపు దాకా బళ్ళే. సీటు మీద సుద్దముక్కతో నంబర్ వేసి పక్కన పెట్టమంటున్నాడు. బావది 61. అతను అప్పటికి పంతొమ్మిదో బండి విప్పుతున్నాడు, సైలెన్సర్ వంచితే బురద ధారగా కారుతోంది.