పాత సైకిల్ కొనేముందు మీ కాళ్ల కొలత చూసుకోండి

నేను మొదటిసారి కొన్న సెకండ్ హ్యాండ్ సైకిల్ చూడ్డానికి తళతళలాడుతుండేది. ఆ మెరుపు చూసే కొన్నాను, నాలుగు నెలలు తొక్కీ తొక్కక మూలన పడేసి చివరికి సగం ధరకి వదిలించుకున్నాను. ఫ్రేమ్ నాకు పెద్దది. "సీటు దించుకుంటే సరిపోద్ది" అన్నాడు అమ్మినాయన, నేనూ బుద్ధిగా తలూపాను. దించితే పెడల్స్ అందాయి గానీ హ్యాండిల్ దూరంగానే ఉండిపోయింది, అరగంట తొక్కితే చాలు మెడ పట్టేసేది.

టైర్లు, బ్రేకులు, చైన్ ఎప్పుడైనా మార్పించుకోవచ్చు, ఫ్రేమ్ సైజు మాత్రం మారదు. అందుకే ముందు అడ్డకడ్డీకి అటో కాలు ఇటో కాలు వేసి నేలమీద నిలబడండి, కడ్డీకీ మీకూ మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల సందు ఉండాలి. కడ్డీ కిందికి వాలి ఉండే మోడళ్లలో ఈ పరీక్ష పెద్దగా పనికిరాదు, ఎక్కి హ్యాండిల్ పట్టుకుని చూడాల్సిందే, మోచేతులు కాస్త వంగాలి. తర్వాత సీటు. మడమ పెడల్ మీద ఉంచి కిందికంటా దించితే కాలు నిటారుగా రావాలి. ఆ ఎత్తు కోసం సీటు కడ్డీ మీదుండే హద్దు గీత బయటికొచ్చేస్తోందంటే ఫ్రేమ్ మీకు చిన్నదన్నమాట. సీటు మీ ఎదురుగానే దించి, ఎత్తి చూపించమనండి. "బిగుసుకుంది, నూనె వేస్తే వచ్చేస్తుంది" అంటే నమ్మొద్దు, ఉక్కు గొట్టంలో పట్టేసిన అల్యూమినియం కడ్డీ ఒక్కోసారి ఇద్దరు లాగినా రాదు.

హ్యాండిల్ దగ్గర్నుంచి పెడల్స్ వైపు దిగే గొట్టం ఉంటుంది కదా, దాని అడుగున, హ్యాండిల్‌కి దగ్గర్లో వేలితో తడమండి. రంగు ముడతలు పడ్డట్టో, ఉబ్బినట్టో తగిలితే సైకిల్ ఎక్కడో గట్టిగా గుద్దుకుందని అర్థం, ఇక బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.

చక్రం కాస్త వంకర తిరిగితే కంగారు పడక్కర్లేదు, పుల్లలు సరిచేయిస్తే చాలావరకు పోతుంది. చైన్‌కి మాత్రం స్కేలు పెట్టండి: ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా పెట్టి, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా తర్వాతి 24వ పిన్ను మధ్య వరకు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువుంటే చైన్‌తో పాటు వెనక పళ్ల చక్రాలూ అరిగిపోయి ఉంటాయి, ఆ ఖర్చు బేరంలో తగ్గించమని అడగొచ్చు.

ఇప్పుడు నేను తొక్కేది రంగు వెలిసిన సైకిల్. బెల్లు ఎప్పుడో పోయింది, ఎవరైనా అడ్డొస్తే నేనే నోటితో ట్రింగ్ ట్రింగ్ అంటుంటాను.