ముందు చిరునామా చెప్పండి

అమెరికాలో అత్యవసర సాయం కోసం 911కు ఫోను చేసినవారిని మేము మొట్టమొదట అడిగేది వారున్న చోటి చిరునామా. చాలామంది అప్పటికే జరిగినదంతా చెప్పడం మొదలుపెట్టి ఉంటారు. ఏడుస్తూ, ఆయాసపడుతూ చెబుతున్న మనిషిని ఆపి రోడ్డు పేరు అడగడం కఠినంగా ఉంటుందని నాకు తెలుసు. అయినా ఆపుతాను. చోటు తెలిశాక లైను తెగిపోయినా అక్కడికి మనుషులను పంపగలను. చోటు తెలియకపోతే, మిగిలినదంతా విన్నా ఎవరినీ ఎటూ కదిలించలేను.

పశ్చిమ కాన్సస్‌లోని ఒక గ్రామీణ కౌంటీలో రాత్రి షిఫ్టు డిస్పాచర్‌ని నేను, అంటే ఆ పిలుపులు అందుకుని సాయం పంపే మనిషిని. మావారు ఇక్కడి చిన్న ఆసుపత్రిలో డాక్టరు, ఆయన ఉద్యోగం వల్లే ఈ ఊరు చేరాం. డల్లాస్‌లో ఉన్న మా పిన్నికి ఇప్పటికీ నేను చేసే పనేమిటో సరిగ్గా అర్థం కాదు. ఆమె కోసం, ఊళ్లకు దూరంగా కారులో వందల మైళ్లు తిరిగే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫోను చేసినవారి సంగతులు బయట చెప్పకూడదు కాబట్టి పని జరిగే తీరు మాత్రమే చెబుతాను.

మా కేంద్రమంటే కౌంటీ పోలీసు అధికారి అయిన షెరీఫ్ కార్యాలయంలో ఒక గది. రాత్రిపూట తరచుగా ఒక్కరమే ఉంటాం. ఎదురుగా తెరలు: ఒకదానిలో ఫోన్లు, ఒకదానిలో పటం, ఇంకొకదానిలో ఏ బండి ఎక్కడ ఉందో. చేతులు టైపు చేస్తూనే ఉండాలి కనుక రేడియోలో మాట్లాడడానికి కాలి కింద పెడల్ ఉంటుంది. పెద్ద నగరాల్లో ఫోను ఎత్తేవారు వేరు, పోలీసులతో మాట్లాడేవారు వేరు, అగ్నిమాపక దళాన్ని పంపేవారు వేరు. ఇక్కడ అన్నీ ఒకరే చూస్తారు. రోడ్డు మీద కారు ఆపిన డెప్యూటీకి, అంటే షెరీఫ్ కింది పోలీసుకు, ఆ నంబరు ప్లేటు వివరాలు చెప్పాలి. సుడిగాలి హెచ్చరిక వస్తే ఊరి సైరన్లు మోగించాలి.

అందుకే ఒక సంగతి గుర్తుంచుకోమంటాను. మీరు మాట్లాడుతుండగా నేను ఉన్నట్టుండి మౌనమైతే, ఆ కొన్ని క్షణాల్లో అంబులెన్సును పిలుస్తున్నానని అర్థం. ఫోను పెట్టేయకండి. "ప్రశ్నలు ఆపి ముందు బండి పంపండి" అని కోప్పడేవారుంటారు. ఆ బాధ నాకు తెలుసు. కానీ చోటు, విషయం తెలియగానే పిలుపు వెళ్లిపోతుంది. ఆ తర్వాత అడిగేవన్నీ దారిలో ఉన్నవారికి చెప్పడానికీ, ఈలోగా మీ చేత చేయించవలసినది చేయించడానికీ.

ఈ చిరునామాల వెనుక పెద్ద శ్రమ ఉంది. ఒకప్పుడు పల్లె ఇళ్లకు వీధి నంబర్లు ఉండేవి కావు. "రూరల్ రూట్ 2, బాక్స్ 45" అంటే ఉత్తరాలు పంచే మనిషికి తెలుస్తుంది, అర్ధరాత్రి అంబులెన్సు నడిపేవారికి ఏం తెలుస్తుంది? 911 కోసమే ఎన్నో కౌంటీలు మట్టిరోడ్లతో సహా ప్రతి దారికీ పేరు పెట్టి, ప్రతి ఇంటికీ నంబరు ఇచ్చాయి. కాన్సస్ నేల చదరపు మైళ్లుగా కొలిచి పెట్టినది, చాలాచోట్ల మైలుకో రోడ్డు వస్తుంది. మైలును వెయ్యి నంబర్లుగా విభజించే పద్ధతి చాలా కౌంటీల్లో ఉంది. మైలుకు 5,280 అడుగులు, అంటే ఒక్కో నంబరుకు 5.28 అడుగులు. నంబరు చూసి ఆ ఇల్లు కూడలి నుంచి ఎంత దూరమో లెక్క చెప్పవచ్చు. ఈ ఏర్పాటు ఆలోచించినవారంటే నాకు చాలా గౌరవం.

ఇక్కడి రైతులు కుడి ఎడమలు చెప్పరు. "పాత బడి దగ్గర నుంచి ఉత్తరానికి రెండు మైళ్లు, అక్కడి నుంచి తూర్పుకు ఒకటి" అంటారు. మా అమ్మమ్మ ఊళ్లోనూ అంతే, మంచం జరపాలన్నా పడమరకు జరపమనేవారు. అలా పెరగడం ఈ ఉద్యోగంలో నాకు బాగా పనికివచ్చింది.

సెల్‌ఫోను వచ్చాక చోటు దానంతట అదే తెలిసిపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి చాలాసార్లు మాకు మొదట తెలిసేది మీ పిలుపు ఏ టవరు మీదుగా వచ్చిందన్నదే. అక్షాంశ రేఖాంశాలు ఆ వెనుక వస్తాయి, అవి ఒక్కోసారి పక్క పొలాన్ని చూపిస్తాయి. టవర్లు దూరదూరంగా ఉండే చోట ఒక్క టవరు పరిధిలో ఎన్నో మైళ్ల గోధుమ పొలాలుంటాయి. కాబట్టి హైవే మీద ఉంటే మైలురాయి నంబరు, ఎటు వెళ్తున్నారో చెప్పండి. రైలు గేటు దగ్గరైతే అక్కడ నీలిరంగు పలక ఉంటుంది. దాని మీద ఆరంకెలు, ఒక అక్షరం. ఆ గేటును దేశంలో మరే గేటుతోనూ పొరబడకుండా అది చాలు. ఇంట్లో పడి ఉన్న పాత ఫోన్లను పిల్లలకు ఆటకు ఇచ్చేవారికి ఇంకొక మాట: సిమ్ తీసేసినా, బిల్లు కట్టకపోయినా ఛార్జింగ్ ఉంటే ఆ ఫోను నుంచి 911 కలవవచ్చు. దానికి తిరిగి ఫోను చేసే దారి మాకు ఉండదు.

అన్నిటికంటే మా వాలంటీర్ల గురించి చెప్పాలి. అమెరికాలో అగ్నిమాపక సిబ్బందిలో సుమారు మూడింట రెండు వంతుల మంది వాలంటీర్లు. మా వంటి చోట్ల దాదాపు అందరూ వారే. మంట అంటుకుందని కబురు రాగానే నేను రేడియోలో టోన్లు వేస్తాను. ఒక్కో దళానికి ఒక జత స్వరాలు. ఆ జత వినబడగానే ఆ దళంవారి పేజర్లు మాత్రమే మోగుతాయి. నిద్రలేచేది ఎరువుల దుకాణం యజమాని, బడిలో లెక్కలు చెప్పే టీచరు, ఉదయం నాలుగింటికి పాలు పితకవలసిన రైతు. బట్టలు వేసుకుని, సొంత బండిలో స్టేషనుకు చేరి, ట్రక్కు తీసుకుని బయలుదేరాలి. నా ఉద్యోగంలో అతి పొడవైన నిమిషాలు టోన్లు వేశాక ఎవరో ఒకరు "వస్తున్నాం" అనేవరకు గడిచేవి. కోతల కాలంలో అందరూ పొలాల్లో ఉంటారు. జవాబు రాకపోతే మళ్లీ వేస్తాను, ఆపై పక్క కౌంటీని అడుగుతాను. అడిగితే కాదనరు.

వారు చేరేలోగా ఆ ఇంట్లో ఉన్న సాయం నా గొంతు ఒక్కటే. స్పృహ ఉందా? మామూలుగా ఊపిరి తీసుకుంటున్నారా? రెండింటికీ లేదు అంటే గుండె ఒత్తడం మొదలుపెట్టిస్తాను. అప్పుడప్పుడూ గురకలా వచ్చే ఎగశ్వాసను ఊపిరి అనుకుని చాలామంది ఆగిపోతారు. అది ఊపిరి కాదు. మనిషిని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, పెద్దవారికైతే కనీసం రెండంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఒత్తాలి. నేను లెక్కపెడుతూనే ఉంటాను, వారు నాతోపాటు పైకి లెక్కపెట్టాలి. ధాన్యం నిల్వచేసే బిన్‌లో ఎవరైనా కూరుకుపోతే చెప్పేది వేరు: ముందు ధాన్యాన్ని లాగే మర ఆపండి, రెండో మనిషిని లోపలికి దిగనివ్వకండి. అన్న కోసం తమ్ముడు దిగకుండా ఫోనులో ఆపడం ఎంత కష్టమో మాటల్లో పెట్టలేను.

ఫెడరల్ ప్రభుత్వపు 2018 ఉద్యోగాల వర్గీకరణలో మమ్మల్ని కార్యాలయ సహాయక సిబ్బందిలో చేర్చారు, గుమాస్తాలతోపాటు. గుమాస్తా పని తక్కువది కాదు. కానీ ప్రాణం నిలపడం ఫోనులో నేర్పేవారిని రక్షణ సేవల కింద లెక్కించకపోవడం అన్యాయం, అది మారాలి.

అమెరికాలో మొదటి 911 పిలుపు మోగింది మహానగరంలో కాదు, 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

ఇక మనవాళ్లకు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు 108 నోటికి వచ్చినంత సులువుగా 911 రాదు. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైన 108 మన పల్లెల్లో అంతగా నాటుకుపోయింది. మీరు ఆఫీసుకు వెళ్లే ముందు ఇంటి చిరునామా తెలుగు లిపిలో, దాని కింద 911 అన్న అంకెలు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇంగ్లీషు రాకపోయినా భయపడవద్దని చెప్పండి. "తెలుగు" అన్న ఒక్క మాట చాలు, అనువాదకులను లైనులో కలుపుకునే ఏర్పాటు మాకు ఉంది. మోటెళ్లు నడిపే వారు మీ గదుల్లోని ఫోన్లు ఒకసారి చూసుకోండి. 2013లో టెక్సస్‌లోని ఒక మోటెల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల కూతురు నాలుగుసార్లు 911 నొక్కింది. బయటి లైనుకు ముందు 9 నొక్కాలని ఆ పసిదానికి తెలియదు. ఆ తల్లి పేరుతోనే కారీ చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత పెట్టిన ఫోను వ్యవస్థలన్నిటిలో 911 నేరుగా కలవాలి. మీది అంతకంటే పాతదైనా, కలిసేలా సరిచేయించండి.

పొరపాటున 911 నొక్కితే గాభరాపడి పెట్టేయకండి. "పొరపాటున నొక్కాను, అందరం క్షేమం" అని చెబితే నాకు అంతే కావాలి. పెట్టేస్తే తిరిగి ఫోను చేస్తాను. మీరు ఎత్తకపోతే డెప్యూటీని పంపిస్తాను. ఆ రాత్రి కౌంటీ అంతటికీ ఉన్నది ఆయన ఒక్కరే కావచ్చు.