450 అని కొట్టి వచ్చాను: నా గేట్ బయోటెక్నాలజీ ప్రిపరేషన్

గేట్ రెండుసార్లు రాశాను. మొదటిసారి ప్రోటీన్ల లెక్కలు, బయోఇన్ఫర్మాటిక్స్ కథల పుస్తకంలా చదివేశాను. గుంటూరు బ్రాడీపేటలో మా రూమ్ గోడ మీద డీఎన్ఏ, ప్రోటీన్ల అక్షరాల వరసల్ని (సీక్వెన్సుల్ని) పోల్చే పద్ధతుల పేర్లు, అవి వచ్చిన ఏళ్లు: నీడిల్‌మన్-వున్ష్ 1970, స్మిత్-వాటర్‌మన్ 1981, బ్లాస్ట్ 1990 అని చీటీలు అంటించాను. వాటిని చూసుకుని మురిసిపోవడమే తప్ప ఒక్క లెక్కా చేసింది లేదు.

ఓ మాక్ టెస్టులో దొరికిపోయాను. 33 కిలోడాల్టన్ల ప్రోటీన్ మొత్తం ఆల్ఫా హెలిక్సే (స్ప్రింగులా చుట్టుకున్న ఆకారం) అనుకుంటే దాని పొడవెంత? అమైనో ఆమ్లం సగటున 110 డాల్టన్లు, అంటే 300 ఉంటాయి. ఒక్కోదానికి 1.5 ఆంగ్‌స్ట్రామ్‌లు. టకటకా 450 కొట్టేశాను. వాళ్లడిగింది నానోమీటర్లలో! పది ఆంగ్‌స్ట్రామ్‌లైతే ఒక నానోమీటరు. 45 రాయాలి. న్యూమరికల్ ప్రశ్నలకి నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి సరిపోయింది గానీ, ఆ రాత్రి మెస్‌లో ముద్ద దిగలేదు.

మర్నాడే గళ్ల నోటుబుక్ కొన్నాను. రోజుకో మ్యాట్రిక్స్ (రెండు సీక్వెన్సుల్ని పోల్చే గళ్ల పట్టిక), పెన్సిల్‌తో. ఐదక్షరాల సీక్వెన్సులు చాలు. మ్యాచ్‌కి 1, మిస్‌మ్యాచ్‌కి -1, గ్యాప్‌కి -2 అనుకోండి. గ్లోబల్ (సీక్వెన్సుల్ని మొత్తంగా పోల్చే నీడిల్‌మన్-వున్ష్) అయితే మొదటి వరుస 0, -2, -4 అని దిగుతుంది. కుడివైపు అడుగు గడి నుంచి వెనక్కి రావాలి. లోకల్ (బాగా కలిసే ముక్కని మాత్రమే వెతికే స్మిత్-వాటర్‌మన్) అయితే మొదటి వరుసంతా సున్నాలే, మైనస్ వచ్చిన ప్రతిచోటా సున్నా వేయాలి. అన్నిటికన్నా పెద్ద అంకె దగ్గర మొదలుపెట్టి సున్నా తగలగానే ఆగాలి. నేను వారం రోజులు లోకల్‌కి కూడా -2, -4 వేసుకుంటూ పోయాను. చేత్తో వేయకపోతే ఈ తప్పు బయటపడేదే కాదు.

రామచంద్రన్ ప్లాట్ (ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలితిరగగలదో చూపే పటం; 1963, మద్రాసులోనే పుట్టింది) నాకు గుంటూరు-విజయవాడ బస్సులో బుర్రకెక్కింది. కిక్కిరిసిన బస్సులో సన్నటివాడు ఎటైనా దూరతాడు, వాడు గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం. సీటు కమ్మీకి సంచీ కట్టేసుకుని కదల్లేనివాడు ప్రోలిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం. హెలిక్స్ కోణాలు ఫై -57, సై -47 డిగ్రీల దగ్గర, అంటే ఎడమవైపు కింది గడిలో.

ఆల్ఫాఫోల్డ్ (ప్రోటీన్ ఆకారాన్ని ఊహించి చెప్పే ఏఐ) చేసినవాళ్లకి 2024లో నోబెల్ వచ్చింది కదా అని రెండ్రోజులు వీడియోలు చూస్తూ కూర్చున్నాను. మీరు ఓ పూట చూడండి, చాలు.

ఇంకోటి, పరీక్షలో మన క్యాలిక్యులేటర్ పనికిరాదు, స్క్రీన్ మీదున్న దాన్నే మౌస్‌తో నొక్కాలి. ఇప్పట్నుంచే దాని మీద లెక్కలు చేయండి. లాగ్ బటన్ వెతకడానికే నాకు మొదటిసారి చెమటలు పట్టాయి.