అనంతపురం ఎడారి ఎందుకు కాదు?

గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్న మిత్రుల కోసం, భూగోళశాస్త్రంలో నాకు చాలాకాలం కొరుకుడుపడని ఒక అంశం గురించి రాస్తున్నాను. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడితే ఎడారి, 250 నుంచి 500 వరకు పడితే అర్ధశుష్క ప్రాంతం అని బట్టీ పట్టాను. ఒక నమూనా పరీక్షలో అనంతపురం శీతోష్ణస్థితి గురించి అడిగినప్పుడు, అక్కడి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లని గుర్తుండటంతో, అది అర్ధశుష్క మండలం కిందికే రాదని రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

వాన రాబడి మాత్రమేనని, ఎండకూ గాలికీ ఆవిరైపోయే నీటిని ఖర్చుగా రాసుకోవాలని, శీతోష్ణస్థితులను వర్గీకరించే కొప్పెన్ సూత్రాన్ని స్వయంగా లెక్క కట్టిన రోజున అర్థమైంది. సగటు వార్షిక ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో తీసుకుని 20తో హెచ్చవేసి, వానలో కనీసం 70 శాతం ఏప్రిల్, సెప్టెంబరు మధ్య కురిస్తే దానికి 280 కలపాలి. అనంతపురానికి 28 డిగ్రీలనుకుంటే 840 వస్తుంది. వర్షపాతం ఈ హద్దుకు తక్కువగా ఉన్నా అందులో సగమైన 420ని దాటితే అది అర్ధశుష్కం, సగానికి కూడా చేరకపోతే ఎడారి. అక్కడ అక్టోబరు వానలూ ముఖ్యమే కదా అన్న అనుమానంతో 280కి బదులు 140 కలిపి చూశాను, ఫలితం మారలేదు. దాదాపు అంతే వేడి ఉండే జైసల్మేర్‌లో వాన 200 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఆగిపోతుంది కాబట్టి అది ఎడారి.

కారణాలు కూడా వేరు. అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయలో, అంటే కొండలు వానగాలిని అడ్డుకునే అవతలి వైపున ఉండటం వల్ల నైరుతి రుతుపవనాలు, తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య రుతుపవనాలు అంతంతమాత్రంగానే అందుతాయి. జైసల్మేర్ ఉన్న థార్‌లోనైతే అరేబియా సముద్ర శాఖ గాలులకు ఆరావళి పర్వతాలు సమాంతరంగా ఉండి అడ్డుపడవు, పైగా కిందికి దిగే పొడిగాలి మేఘాలను ఎదగనివ్వదు.

సాగు గురించి రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. అర్ధశుష్క నేలల్లో వేరుశనగ, జొన్న, కంది వానాధారంగా పండుతాయి కానీ, పూత దశలో రెండు మూడు వారాలు వాన ముఖం చాటేస్తే మొత్తం వర్షపాతం సగటుకు చేరినా దిగుబడి దక్కదు. ఈ పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి పటాన్‌చెరులోనే ఉంది. ఉదాహరణ కోసం తెలుగు నేల దాటి వెళ్లనక్కరలేదు. అలాగని ఎడారిలో ఏమీ పండదని రాయకండి, థార్‌లోనూ సజ్జ పండిస్తారు.

ఎడారి అంటే వేడి అనే భ్రమ మిగిలి ఉంటే, ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వానతో, శీతాకాలంలో గడ్డకట్టే చలితో ఉండే లద్దాఖ్‌లోని లేహ్‌ను కూడా పటంలో గుర్తించి, దాని లెక్కను జైసల్మేర్ పక్కన రాసుకోండి.