గ్లాస్గో వార్డులో సిక్కోలు వ్యాకరణం

నేను స్కాట్లండ్‌లోని గ్లాస్గోకి నర్సుగా వచ్చిన మూడో వారం. సాయంత్రం అయిదు కావస్తోంది. ఇక్కడ రాత్రి భోజనాన్ని 'టీ' అంటారు, అది వార్డుకి వచ్చే వేళ. ఆరో నంబరు బెడ్‌లో పెద్దాయన సుగర్ పేషెంటు. సీనియర్ సిస్టర్ నా పక్కగా వెళ్తూ అడిగింది: "యూవ్ నాట్ గివెన్ హిమ్ హిజ్ ఇన్సులిన్?"

"యెస్" అన్నాను.

నేనింకా ఇవ్వలేదు. "ఇవ్వలేదా?" అని ఎవరైనా అడిగితే మనం "ఆఁ, ఇవ్వలేదు" అంటాం. అడిగినవాళ్ళ ఊహ నిజమేనని ముందు ఒప్పుకుని, తర్వాత సంగతి చెబుతాం. ఆ "ఆఁ" నా నోట్లోంచి "యెస్" అయి బయటికొచ్చింది. ఆవిడకి మాత్రం "ఇచ్చాను" అని వినబడింది. ఇంగ్లీషు యెస్, నో అడిగినవాళ్ళ ఊహను పట్టించుకోవు, జరిగిన పనిని మాత్రమే చూస్తాయి. పని జరిగితే యెస్, జరగకపోతే నో.

ఆవిడకి ఎందుకో సందేహం వచ్చి కార్డెక్స్ తెరిచింది. మందుల చార్టుని ఇక్కడ అలాగే పిలుస్తారు. అందులో నా సంతకం లేదు. వెనక్కొచ్చి మెల్లగా మళ్ళీ అడిగింది. ఇన్సులిన్ టైముకే అందింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దీన్ని తిప్పి చూస్తే ఇంకా భయమేసింది. నేను ఇచ్చి ఉండి, "ఇవ్వలేదా?" అన్నదానికి మన పద్ధతిలో "నో, ఇవ్వకపోవడమేంటి" అన్నట్టు ఒక్క "నో" అని ఊరుకుంటే? రెండో డోసు పడేది. సుగర్ తగ్గిపోతే ఆ వయసు మనిషి తట్టుకోలేడు. ఆ మర్నాటి నుంచి మందుల విషయంలో ఒంటి యెస్, ఒంటి నో మానేశాను. "గివెన్" లేదా "నాట్ గివెన్" అని క్రియతోనే జవాబు చెబుతాను.

నర్సులూ డాక్టర్లూ రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీలో స్పీకింగ్‌కి బి గ్రేడు తెచ్చుకునే వచ్చాను. ఆ పరీక్షలో రెండు రోల్‌ప్లేలుంటాయి, ఒక్కోటి అయిదు నిమిషాలు. పేషెంటుగా కూర్చున్నావిడ నాతో చక్కగా, విడమర్చి మాట్లాడింది. నొప్పితో, పళ్ళ సెట్టు తీసేసి, అర్ధరాత్రి మాట్లాడే మనిషి ఇంగ్లీషు ఎలా ఉంటుందో అక్కడ తెలియదు.

ఒక పెద్దావిడ ఓ తెల్లవారుజామున నన్ను పిలిచి "ఐ డౌట్ అయామ్ గోయింగ్ టు బి సిక్, హెన్" అంది. హెన్ అంటే మన 'అమ్మడూ' లాంటి పిలుపు. సిక్ అంటే వాంతి. 'డౌట్' అంది కాబట్టి, వాంతి కాదేమో అంటోందనుకుని ధైర్యం చెప్పి పక్క బెడ్ దగ్గరికి వెళ్ళాను. నిమిషం తిరక్కుండా దుప్పటి నిండా వాంతి చేసుకుంది. ఇక్కడి పాతతరం వాళ్ళు 'ఐ డౌట్' అంటే 'అయ్యేలా ఉంది' అని. దుప్పట్లు మారుస్తుంటే తట్టింది: "వాంతి అవుద్దేమోనని అనుమానంగా ఉందమ్మా" అని మా ఊళ్ళో ముసలమ్మ అంటే, నేను పరుగెత్తి బేసిన్ తెచ్చేదాన్ని కదా! మన 'అనుమానం' అచ్చంగా ఆవిడ 'డౌటే'. ఆ మాటని తెలుగులో విని ఉంటే అర్థమయ్యేది. పరీక్ష కోసం నేర్చుకున్న ఇంగ్లీషులో విన్నాను.

అప్పట్నుంచి చెవి పెట్టి వినడం మొదలుపెట్టాను. మా కోచింగ్ మాస్టారు వైజాగులో నా వ్యాసాల మీద ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టేవారు. వాంట్, నీడ్ లాంటి వాటికి 'ఇంగ్' తగిలించకూడదని. 'అర్థమవుతోంది' అనే అలవాటు కొద్దీ నేను 'అయామ్ అండర్‌స్టాండింగ్' అని రాస్తే అది మొదటి తప్పు. ఇక్కడ చూస్తే తాతలూ బామ్మలూ పొద్దస్తమానం "అయామ్ వాంటింగ్ ఎ కప్ ఆఫ్ టీ", "హీజ్ నీడింగ్ ద టాయిలెట్" అంటున్నారు. చార్టులో నేను అలా రాయను, రాయకూడదు కూడా. కానీ విన్నప్పుడల్లా చుట్టపు మనిషి ఎదురుపడినట్టు ఉంటుంది.

"సీ మై డాటర్? షీ నెవర్ ఫోన్స్" అంటుంది ఒకావిడ. 'మా పిల్ల ఉంది చూడూ, ఒక్క ఫోన్ చెయ్యదు' అనే దానికి ఇది అక్షరం పొల్లుపోని జత. సూప్ ఎలా ఉందని అడిగితే "ఇట్స్ నాట్ వెరీ హాట్. ఇట్స్ నైస్, బట్" అంటాడు ఒకాయన. మొదట్లో ఆ 'బట్' తర్వాత ఇంకేదో వస్తుందని పళ్ళెం పట్టుకుని నిలబడేదాన్ని. ఆయన మాట అయిపోయింది. 'వేడి లేదు, బాగుంది గానీ' అని మనం ఆపెయ్యమూ? అలాగే ఇక్కడ ఆపేస్తారు. "హౌ ఈజ్ హి నో ఈటింగ్?" అని భార్య అడిగితే ఎలా అని కాదు, ఎందుకు తినట్లేదని. ఒకరికంటే ఎక్కువమందిని 'యూజ్' అంటారు, మన బహువచనం 'మీరు' లాగా.

నాకు అన్నిటికంటే నచ్చింది షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పగించే హ్యాండోవర్‌లో వినే మాట. "దట్స్ హిమ్ హ్యాడ్ హిజ్ టీ." పుస్తకం ఇంగ్లీషులో ఇది ఎక్కడా ఇమడదు. మా సిక్కోలు (శ్రీకాకుళం) తెలుగులో మాత్రం ఒక్క మాట: తినీసినాడు. పని పూర్తయిపోయింది, ఇక దాని గురించి బెంగ లేదు అనే ఆ నెమ్మది రెండింటిలోనూ ఉంది. "దట్స్ మి ఫినిష్డ్" అంటే అయిపోనాది, ఇక ఎల్తాను.

మర్యాద దగ్గర మాత్రం చాలా రోజులు ఇబ్బంది పడ్డాను. మన మర్యాదంతా క్రియ చివర ఉన్న 'అండి'లో ఉంటుంది. 'కూర్చోండి', 'చెయ్యి చాపండి' అంటే చాలు, ఎక్కడా మొరటుతనం ఉండదు. దాన్ని ఇంగ్లీషులో పెడితే 'అండి' రాలిపోయి 'సిట్', 'గివ్ యువర్ హ్యాండ్' మిగిలాయి. పేషెంట్లు నన్ను కోపిష్టిదాన్ననుకుంటున్నారని ఒక సిస్టర్ పక్కకి పిలిచి ప్రేమగానే చెప్పింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక్కడ మర్యాద వాక్యం మొదట్లో ఉంటుంది, ప్రశ్నగా ఉంటుంది: "విల్ ఐ గెట్ యూ ఎ బ్లాంకెట్?" లేదా గతకాలంలో దాక్కుంటుంది: "ఐ వజ్ వండరింగ్…" ఇది మనకీ ఉందే! పెద్దవాళ్ళని ఏదైనా అడగాలంటే 'అడుగుతున్నాను' అనం, 'మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకున్నానండీ' అంటాం. ఆ దారి పట్టుకున్నాక నాకు సులువైంది.

ఆ వాంతి పెద్దావిడే డిశ్చార్జికి ముందు నా చెయ్యి పట్టుకుని, నా ఇంగ్లీషు నేర్చుకోకు హెన్, ఇది మంచి ఇంగ్లీషు కాదు అంది. చిన్నప్పుడు బడిలో ఇలా మాట్లాడితే తిట్టేవారట. నాకు హైదరాబాదు హాస్టల్ గుర్తొచ్చింది. నేను 'ఏటి' అన్నప్పుడల్లా గదంతా నవ్వేది. ఆరు నెలల్లో ఆ మాట మింగేశాను. ఆవిడ మాట్లాడేది స్కాట్స్, ఇంగ్లీషుకి చుట్టమైన ఇక్కడి భాష. 2011 జనాభా లెక్కల్లో మొదటిసారి దాని గురించి అడిగితే 15 లక్షల మందికి పైగా తమకి వచ్చని చెప్పారు. 2025లో స్కాటిష్ పార్లమెంటు చట్టం చేసి, ఇక్కడి మరో పాత భాష గేలిక్‌తో పాటు దానికీ అధికార హోదా ఇచ్చింది. అదంతా ఆవిడకి చెప్పడం రాలేదు. మీ మాట మా ఊరి మాటలా ఉంటుందమ్మా అన్నాను. ఆవిడ చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

పోయిన నెల పాలకొండ నుంచి ఒక అమ్మాయి మా వార్డులో చేరింది. మొదటి రోజు ఇద్దరికీ ఒకే షిఫ్టు. మధ్యాహ్నం హడావిడిలో, ఇక్కడి అలవాటు నాకూ వచ్చేసి, "యూవ్ నాట్ చెక్డ్ బెడ్ ఫోర్?" అని అడిగాను.

"యెస్" అంది.

నేను ఆగిపోయాను. "చెక్డ్? ఆర్ నాట్ చెక్డ్?"

ఆ పిల్ల కంగారుపడి, "నాట్ చెక్డ్, అక్కా" అంది.

ఇద్దరం నాలుగో బెడ్ దగ్గరికి వెళ్ళాం.