బాబాయ్ చెప్పిన కంచర గాడిదలు

పనామా సిటీలో దిగిన మర్నాడు తెల్లవారకముందే లేచి సముద్రపు ఒడ్డుకి పరుగెత్తాను. పసిఫిక్ అంటే అమెరికా ఖండానికి పడమటి సముద్రం కదా, అందులోంచి సూర్యుడు లేవడమేమిటని బాబాయ్‌తో ఎన్నేళ్లు వాదించానో! లేచాడు. ఎర్రగా, తీరిగ్గా, సరిగ్గా నీళ్లలోంచే. "లేచాడు బాబాయ్" అని పైకే అనేశాను.

బాబాయ్ మా ఆఫీసు కింద హోటల్లో సర్వర్. అంతకుముందు చాలా ఏళ్లు ఓడల్లో వంటగది పని చేసి, సగం ప్రపంచం తిరిగొచ్చాడు. ఆయన టేబుల్ ఖాళీ అయ్యేదాకా నిలబడి మరీ కాచుకునేవాళ్లం. గల్లా దగ్గర ఓనరు దగ్గుతూనే ఉండేవాడు, ఈయన చెబుతూనే ఉండేవాడు. విన్నదాంట్లో సగం కోతలని మా లెక్క. నిరుడు పోయాడు.

ఇక్కడ భూమి పడుకున్న ఎస్ అక్షరంలా వంకర తిరిగి ఉంటుంది. అట్లాంటిక్ వైపు నుంచి పనామా కాలువలోకి దిగిన ఓడ ఆగ్నేయానికి నడిచి పసిఫిక్‌లో తేలుతుంది. ఊరు కూడా ఆ వైపే చూస్తుంది. మ్యాప్ తెరిస్తే నిమిషంలో తేలిపోయే గొడవ. తెరవలేదు, వాదించడమే బాగుండేది.

పొద్దెక్కాక మిరాఫ్లోరెస్ లాకుల దగ్గరికి వెళ్లాను. పసిఫిక్ వైపు నుంచి ఒక కంటైనర్ ఓడ వచ్చి తొట్టిలో దూరింది. తొట్టి వెడల్పు 33.5 మీటర్లు, అందులో పట్టే పెద్ద ఓడ 32.3. "జానెడు సందు" అనేవాడు బాబాయ్. అన్యాయం, ఒక్కో పక్క మూడు జానలకి కాస్త తక్కువ ఉంటుంది.

వెనక గేట్లు మూసుకున్నాయి. చప్పుడు లేదు, కానీ ఓడ లేస్తోంది. ఇది నాకు కొత్త కాదు. బాబాయ్ ఖాళీ గ్లాసులో సీసా మూత పడేసి, జగ్గుతో నీళ్లు పోస్తూ చూపించేవాడు. "పంపు లేదు, మోటారు లేదు. పైనున్న నీళ్లు కిందికి దిగుతాయి, ఓడ పైకి లేస్తుంది." మూత అంచుదాకా వచ్చి నీళ్లతో పాటు టేబుల్ మీదకి జారేది. భుజం మీది గుడ్డతో తుడుస్తూ, "అదిగో, గాటూన్ చెరువులో పడ్డాం. సముద్రానికి 26 మీటర్ల ఎత్తున, మంచినీళ్ల మీద!" అనేవాడు.

1928లో ఒకాయన ఈ కాలువని ఈదాడనీ, ఓడలాగే బరువు కట్టి 36 సెంట్లు వసూలు చేశారనీ చెప్పినప్పుడు మరీ నవ్వాం. అదీ నిజమే. ఆ ఈతగాడు రిచర్డ్ హాలిబర్టన్.

అన్నిటికంటే ఎక్కువ నవ్వింది గాడిదల కథకి. "అంత ఓడనీ గోడకి తగలకుండా కంచర గాడిదలు తాళ్లతో పట్టుకుంటాయిరా" అనేవాడు. ఏం తింటాయి, ఎవరు తోలతారు అని మేం అడగడం, ఆయన ఏమాత్రం తడుముకోకుండా చెప్పడం. ఇప్పుడు చూస్తే గోడల మీద పట్టాలు, వాటి మీద కరెంటు ఇంజిన్లు. వాటికి ఇక్కడ పేరే 'మ్యూల్', అంటే కంచర గాడిద! ఓడ తన ఇంజిన్‌తో తనే నడుస్తుంటే, ఇవి అటూ ఇటూ తాళ్లు బిగించి మధ్యలో ఉంచుతున్నాయి. ఇంజిన్ల సంగతి మాత్రం బాబాయ్ ఒక్కసారీ నోరు జారలేదు.

సాయంత్రం ఆఫీసు మిత్రుడు ఫోన్ చేశాడు. "ఏరా, గాడిదలు కనిపించాయా?"

"కనిపించాయిరా. ఎనిమిది ఉన్నాయి."

"నిజంగానా! ఏం తింటున్నాయి?"

నేను కుర్చీ ముందుకి లాక్కున్నాను.