రెండు పల్సుల మధ్య ఇమేజ్ ఏది?

ఎస్‌టీఎం అంటే సన్నటి సూదిమొన (టిప్)తో ఒక్కో అణువును చూపే, కదిపే మైక్రోస్కోప్. దాంతో అణువుకు పల్సులు, అంటే క్షణకాలపు వోల్టేజి దెబ్బలు, ఇస్తున్నా: 1.5 వోల్టులకు మారకుంటే 2, దానికీ మారకుంటే 3. నా నోట్‌బుక్కులో ఆ వరస చూసి ఇక్కడి ల్యాబ్ పెద్దాయన అందరి ముందే అడిగాడు: "రెండు పల్సుల మధ్య ఇమేజ్ ఏది?"

నాది తొందర అని ఆయన భావం. మండింది. హన్మకొండలో పెరిగినోళ్లం, కరెంటు ఉండంగనే మోటరు ఎయ్యాలె, గిర్నీల పిండి పట్టియ్యాలె. దాన్ని తొందర అంటే ఎట్ల? అయినా ఆయన అడిగింది తప్పని అనలేను.

ఎస్‌టీఎంతో రసాయన చర్య జరిపించాలంటే టిప్‌ను అణువు మీద నిలిపి, ఫీడ్‌బ్యాక్ లూప్ (కరెంటు మారకుండా టిప్ ఎత్తును సరిచేసే ఏర్పాటు) ఆపి, వోల్టేజి పెంచాలి. లూప్ ఆపడం మరిస్తే వోల్టేజి పెరిగేకొద్దీ టిప్ వెనక్కి జరుగుతుంది. మరీ దగ్గర పెట్టి ఆపినా ముప్పే, ఒక్క ఆంగ్‌స్ట్రాం (నానోమీటరులో పదో వంతు) దగ్గరైతే టిప్‌కూ ఉపరితలానికీ మధ్య పారే కరెంటు దాదాపు పదింతలవుతుంది. కరెంటు గీతలో ఉన్నట్టుండి మెట్టు పడితే అణువుకు ఏదో అయిందన్నట్టు. బంధం తెగిందా, అణువు పక్కకు జరిగిందా, ఎగిరి టిప్‌కే అంటుకుందా? మెట్టును చూస్తే తెలియదు. వోల్టేజి 0.1కి దించి ఇమేజ్ తీయాల్సిందే. టిప్‌కు అంటుకుంటే తర్వాతి ఇమేజ్‌లో అణువుల ఆకారాలే మారిపోతాయి, ఒక్కోసారి జంటలుగా కనబడతాయి. అప్పుడు టిప్‌ను శుభ్రం చేయడానికి, అణువులు లేని ఖాళీ రాగి ఉపరితలం మీదకు పోయి టిప్‌ను నానోమీటరుకు మించకుండా మెల్లగా దించి తీయాలి. ఇవేవీ చూడకుండా వోల్టేజి మరీ పెంచుకుంటూ పోతే, ఎలక్ట్రాన్లు ఉపరితలం వెంట పాకి ముట్టని అణువులను కూడా మార్చేయొచ్చు.

2000లో బెర్లిన్‌లో సా వాయ్ హ్లా బృందం 20 కెల్విన్ల చలిలో, రాగి మీద అయోడోబెంజీన్‌తో (అయోడిన్ తగిలిన బెంజీన్) చేసి చూపింది ఇదే. 1.5 వోల్టులకే అయోడిన్ ఊడింది, అందులో బలహీనమైన బంధం అదే కాబట్టి. మిగిలిన ఫెనైల్ ముక్కలు రెంటిని రాగి ఉపరితలంలోని మెట్టు అంచు వెంట టిప్‌తో ఈడ్చి పక్కపక్కన చేర్చి, 0.5 వోల్టులతో అతికించారు. ఒక కొస లాగితే రెండూ కలిసి కదిలాయి. ప్రతి అడుగుకూ ఇమేజ్ ఉంది, అందుకే అది నమ్మదగ్గ రుజువు.

ఇక్కడోళ్ల ఓపిక గురించి మాత్రం నేనంత తొందరగా మురిసిపోను. రాత్రంతా స్కాన్ పెట్టి కరెంటు గురించి తలవకుండా నిద్రపోయేటోళ్లకు ఓపికేం కష్టం? మా సందులో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక్క వారం పని చేసి చూడమనాలి.

ఇప్పుడు 0.1 వోల్టు చొప్పున పెంచుతున్నా. పల్సుకో ఇమేజ్, ఇమేజ్‌కు ఐదు నిమిషాలు.